రాజధాని వెంట ఎన్నిసార్లు?

ఎనిమిదేళ్ల మనవడికి ఢిల్లీ చూపించాలని కర్నూలు నుంచి వచ్చారు ఒక తాత. ఆయన చూపించింది ఒక్క ఢిల్లీనే కాదు.

హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌లో సంపర్క్ క్రాంతి దిగిన మా మేనల్లుడు మొదట అడిగింది ఇండియా గేట్ ఎక్కడని కాదు. "మామా, ఢిల్లీ ఎప్పటికీ రాజధానిగానే ఉంటుందా? దీన్ని కూడా మారుస్తారా?" అని. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఈ అనుమానం ఎందుకొచ్చిందో ఆంధ్రప్రదేశ్ వాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. వాడు నడక నేర్చేనాటికి రాష్ట్ర రాజధాని అమరావతి. మాటలు నేర్చేనాటికి మూడు రాజధానులు, అందులో ఒకటి వాళ్ల కర్నూలే. పలకా బలపం పట్టేనాటికి మళ్లీ అమరావతి.

చేతికర్ర ఊతంగా బోగీ దిగుతున్న నాన్న ఆ ప్రశ్న విన్నారు. "ఎందుకు మార్చర్రా? ఈ ఊరిని చాలాసార్లు మార్చినారు. పద, ఎక్కడెక్కడికి మార్చినారో చూద్దాం" అన్నారు. దసరా సెలవుల్లో మా నాలుగు రోజుల కార్యక్రమం అక్కడే, ఆ ప్లాట్‌ఫామ్ మీదే ఖరారైపోయింది.

నాన్నకు ఎనభై ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఢిల్లీకి ఇంతకుముందు ఒకే ఒక్కసారి, 1979లో, స్కూలు పిల్లల్ని విహారయాత్రకు తీసుకొచ్చారు. ఈసారి వెంట ఉన్నది ఒక్కడే విద్యార్థి. కాకపోతే ఆ రోజుల్లో ఇన్ని ప్రశ్నలు అడిగే పిల్లలు ఉండేవారు కాదని ఆయన ఫిర్యాదు.

నాకు మాత్రం ఈ యాత్రలో ఇంకో పని ఉంది. మా బావకు ప్రమోషన్ మీద విజయవాడ బదిలీ అయ్యి ఏడాదైంది. వచ్చే జూన్‌లో అక్క, పిల్లాడు కూడా అక్కడికి మారిపోవాలి. కర్నూలు బి క్యాంప్ దగ్గర పాత ఇంట్లో నాన్న ఒంటరిగా ఎలా ఉంటారు? ఇల్లు అమ్మేసి తమతో రమ్మంటే ఆయన ఊ అనడం లేదు, ఊహూ అనడం లేదు. "నువ్వు చెబితే వింటారు. ఎట్లాగైనా ఒప్పించు" అని అక్క ఫోన్‌లో మూడుసార్లు చెప్పింది. ఢిల్లీలో విలేకరిగా మంత్రుల చేత మాట్లాడించడం నాకు అలవాటే. నాన్నతో ఇంటి సంగతి ఎత్తడానికి మాత్రం నాలుగు రోజులూ మంచి సమయం కోసం చూస్తూనే ఉన్నాను.

మునిగిపోయే భవనం

మొదటి ఉదయం మెట్రోలో సెంట్రల్ సెక్రటేరియట్‌కు వెళ్లాం. బయటికొస్తే కర్తవ్యపథ్. బ్రిటిష్ వాళ్లు కింగ్స్‌వే అన్నారు, స్వాతంత్ర్యం వచ్చాక రాజ్‌పథ్ అయింది, 2022 సెప్టెంబర్‌లో కర్తవ్యపథ్ అయింది. "రోడ్డు అదే, పేరే మారింది" అన్నారు నాన్న.

ఇండియా గేట్ వెనక రాతి ఛత్రం కింద నేతాజీ సుభాష్ చంద్రబోస్ నల్ల గ్రానైట్ విగ్రహం ఉంది. ఎత్తు 28 అడుగులు. ఒకప్పుడు అక్కడ ఐదో జార్జి చక్రవర్తి నిలబడి ఉండేవాడు. 1968లో ఆయన్ను తొలగించాక యాభై ఏళ్లకు పైగా ఆ ఛత్రం ఖాళీగానే ఉండిపోయింది. 1979లో తాము చూసింది ఆ ఖాళీనేనని నాన్న గుర్తు చేసుకున్నారు. 2022లో నేతాజీ వచ్చారు. ఆ రాయి ఖమ్మం నుంచి వచ్చింది. 280 టన్నుల ఏకశిలను 140 చక్రాల లారీ మీద 1,665 కిలోమీటర్లు తీసుకొచ్చి ఢిల్లీలో చెక్కారు. చెక్కుడు పూర్తయ్యాక విగ్రహం బరువు 65 టన్నులు.

పిల్లాడికి విగ్రహం కంటే 140 చక్రాలు ఎక్కువ నచ్చాయి. అంతలోనే మరో ప్రశ్న. "ఖమ్మం మనదేనా?"

నాన్న కాస్త తడుముకున్నారు. "నేను పాఠం చెప్పేటప్పుడు మనదే. ఇప్పుడు తెలంగాణ. మాట మాత్రం మన మాటే" అన్నారు.

అక్కడి నుంచి రైసినా గుట్ట వైపు నడుస్తుంటే ఢిల్లీ నిర్మాణ చరిత్రలో పేరుమోసిన పొరపాటు ఒకటి మా వాడి కంటపడింది. దూరం నుంచి రాష్ట్రపతి భవన్ గుమ్మటం నిండుగా కనిపిస్తుంది. విజయ్ చౌక్ దగ్గరికి వచ్చేసరికి కిందికి దిగిపోతున్నట్టు ఉంటుంది. "తాతా, ఇల్లు మునిగిపోతాంది!" అని వాడు కేకపెట్టాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. వైస్రాయ్ భవనాన్ని ఎడ్విన్ లుట్యెన్స్, దాని ముందు నార్త్, సౌత్ బ్లాక్‌లను హెర్బర్ట్ బేకర్ రూపొందించారు. రెండూ గుట్ట మీద ఒకే ఎత్తున ఉండాలని బేకర్ పట్టుబట్టి సాధించుకున్నాడు. దాంతో ఎక్కుడు దారిలో ఏటవాలు అడ్డొచ్చి అసలు భవనమే కనుమరుగవుతుందని లుట్యెన్స్ ఆలస్యంగా గ్రహించాడు. ఎంత మొత్తుకున్నా దారి మార్చలేదు. వాటర్లూలో నెపోలియన్ ఓడినట్టు తాను 'బేకర్లూ'లో ఓడిపోయానని వాపోయాడు.

"దగ్గరికి పోయేకొద్దీ కనపడకుండా పోవడం ప్రభుత్వానికి మొదట్నుంచీ ఉందన్నమాట" అని నాన్న నవ్వారు.

1979లో పిల్లలతో వచ్చినప్పుడు ఆ 340 గదుల భవనంలో రాష్ట్రపతిగా ఉన్నది నీలం సంజీవరెడ్డి. అనంతపురం జిల్లా మనిషి. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. గుడారాల్లో నడిచిన ప్రభుత్వంలో పనిచేసిన మనిషి దేశంలోకెల్లా పెద్ద ఇంట్లో ఉన్నాడని ఆనాడు పిల్లలకు చెప్పారట నాన్న. ఎవరూ పట్టించుకోలేదట. ఇప్పుడు మాత్రం విద్యార్థి ఆగిపోయాడు.

"కర్నూలులో గుడారాలా? సర్కస్‌వా?"

"కాదులే. తర్వాత చెబుతా" అని ఆయన దాటవేశారు.

ఓరుగల్లు నుంచి వచ్చిన వజీరు

ఢిల్లీలో తెలుగువారి ఆనవాలు అంటే మనకు అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్, అక్కడి భోజనం గుర్తొస్తాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ భవన్ పంపకం రెండు రాష్ట్రాల మధ్య పదేళ్లు నలిగి, 2024లో గానీ కొలిక్కి రాలేదు. అంతకంటే ఆరున్నర శతాబ్దాల పాత ఆనవాలు ఒకటి నిజాముద్దీన్ బస్తీలో ఉంది. ఇరుకు సందుల్లో, ఇళ్ల మధ్య చిక్కుకుపోయిన ఎనిమిది మూలల సమాధి అది. అందులో ఉన్నది ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ తెలంగాణీ.

కథ 1323లో మొదలవుతుంది. ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు కోటను పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు దారిలోనే, నర్మదా తీరాన మరణించాడు. కాకతీయుల కొలువులోని ఒక అధికారి మాత్రం ఢిల్లీ చేరాడు. మతం మారి మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలానికి ఏకంగా వజీరయ్యాడు. చదువురాదని అప్పటి పారశీక చరిత్రలు రాశాయి. అయినా సుల్తాను నెలల తరబడి దండయాత్రల మీద వెళ్తే రాజధానిని నడిపింది ఈయనే. ఢిల్లీలో తర్వాత కాలంలో వచ్చిన అష్టకోణ సమాధులకు ఆయన సమాధే తొలి నమూనా అని చరిత్రకారులు చెబుతారు.

ఆ గోడ మీద చెయ్యి వేసి నాన్న చాలాసేపు నిలబడ్డారు. తన రాజధాని కూలిపోయాక, కూల్చినవాళ్ల రాజధానికే పెద్ద దిక్కయిన మనిషి. ద్రోహి అనాలా, దీక్షాపరుడు అనాలా? సోషల్ మాస్టారు తేల్చలేదు. "ఆయన్ను అడిగినవాళ్లెవరు, నీకు ఏ ఊరు ఇష్టమని?" అని మాత్రం అన్నారు.

ఓరుగల్లును గెలిచిన ఆ ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. మన దగ్గర రాజధాని మాట వస్తే చాలు, నాయకులు ఒకరినొకరు తిట్టుకోవడానికి వాడుకునే పేరు ఆయనదే. 1327 ప్రాంతంలో ఢిల్లీ పెద్దలను దక్కన్‌లోని దౌలతాబాద్‌కు తరలించాడు. ఊరు ఊరంతా ఖాళీ అయిందన్నది అతిశయోక్తి అనీ, కదిలింది ప్రధానంగా ఉన్నత వర్గాలు, మతపెద్దలు, వారి పరివారమేననీ నేటి చరిత్రకారుల అభిప్రాయం. కొన్నేళ్లకే వెనక్కి రావడానికి ఆయన అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. తండ్రి కట్టిన తుగ్లకాబాద్ కూడా ఎంతోకాలం నిలవలేదు. మెహ్రౌలీ-బదర్‌పూర్ రోడ్డు మీద కొండంత గోడలతో ఆ కోట ఇప్పటికీ ఉంది. లోపల ముళ్ల చెట్లు, కోతులు. మా వాడికి కోతులు బాగా నచ్చాయి.

బయటి నుంచి చూసిన పార్లమెంటు

మూడో రోజు పార్లమెంటు. లోపలికి తీసుకెళ్లాలని నాకు ఉండింది గానీ సందర్శకుల పాసులు దొరకలేదు. 2001 డిసెంబర్ 13న ఉగ్రవాదుల దాడి, 2023లో మళ్లీ అదే తేదీన గ్యాలరీ నుంచి ఇద్దరు సభలోకి దూకిన ఘటన జరిగాక కట్టుదిట్టాలు పెరగడం సహజమే. బారికేడ్ల ఇవతలి నుంచే చూశాం. 1927లో ప్రారంభమైన గుండ్రటి పాత భవనం, దాని పక్కన 2023 మే 28న ప్రారంభమైన త్రికోణాకారపు కొత్తది. పాతదాని పేరు ఇప్పుడు సంవిధాన్ సదన్. రాజ్యాంగ సభ కూర్చున్నది అందులోనే. కొత్త లోక్‌సభలో 888 సీట్లు.

"లోపల ఏం చేస్తారు?" అని మనవడు. "మాట్లాడతారు, చట్టాలు చేస్తారు" అని తాత. "టీవీలో వస్తుందా?" "వస్తుంది. ఒక్కోసారి రాదు."

ఆ ఒక్కోసారి ఎప్పుడో నాకు తెలుసు. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో ఆమోదం పొందుతున్నప్పుడు ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. అంతకు ఐదు రోజుల ముందు సభలో మిరియాల స్ప్రే కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. హైదరాబాద్‌లో దశాబ్దాల కల నెరవేరిందని సంబరాలు. కర్నూలులో మా ఇంట్లో నాన్న ఖాళీ తెర ముందు కూర్చుని ఉన్నారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆయనకు రాష్ట్రం విడిపోవడం మీద కోపమేమీ లేదు. అడిగినవాళ్లకు వాళ్ల రాష్ట్రం రావాల్సిందేనని పొట్టి శ్రీరాములు కాలం నుంచీ ఆయన నమ్మకం. తలుపులు మూయడమే ఆయనకు మింగుడు పడలేదు.

ఏడాదిన్నర తర్వాత, 2015 అక్టోబర్ 22 విజయదశమినాడు అమరావతికి శంకుస్థాపన జరిగింది. ప్రధాని నరేంద్ర మోదీ ఈ పార్లమెంటు ఆవరణలోని మట్టినీ, యమున నీటినీ తీసుకెళ్లి ఇచ్చారు. 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. తర్వాతి కథ పాఠకులకు తెలిసిందే. 2020లో మూడు రాజధానుల చట్టం, 2021లో దాని ఉపసంహరణ, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వ మార్పు, 2025 మేలో పనుల పునఃప్రారంభం. ఒక రాజధాని కోసం భూములిచ్చి ఎదురుచూసినవాళ్లు ఒకవైపు. 1937 శ్రీబాగ్ ఒప్పందం నాటి మాట నిలబడుతుందేమోనని, కనీసం హైకోర్టయినా వస్తుందేమోనని చూసిన కర్నూలు మరోవైపు. ఢిల్లీ నుంచి ఈ వార్తలన్నీ నేను రాశాను. ఒక్కసారీ నాన్న అభిప్రాయం అడగలేదు.

ఆ సాయంత్రం ఎర్రకోట. ఆగ్రా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాలనుకుని షాజహాన్ కట్టించిన కోట ఇది, 1648కి పూర్తయింది. 1739లో నాదిర్ షా వచ్చి నెమలి సింహాసనంతోపాటు కోహినూర్‌ను పట్టుకుపోయాడు. ఆ వజ్రం కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందన్నది బాగా ప్రచారంలో ఉన్న మాట. వజ్రం పేరెత్తగానే మా వాడు చెవులు రిక్కించాడు. వాళ్ల జిల్లాలో తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు కదా. "మా క్లాసులో ఒకడు పోయినాడు. వానికి ఏమీ దొరకలేదు" అన్నాడు. ఆ జొన్నగిరే అశోకుడి కాలపు దక్షిణ రాజధాని సువర్ణగిరి అని కొందరు చరిత్రకారులు అంటారని నాన్న అందుకున్నారు. అంటే అదీ ఒక మాజీ రాజధానే.

కోట ముందు మైదానాల్లో రామ్‌లీలా దీపాలు వెలుగుతున్నాయి. రావణుడి పది తలలు, జిలేబీ, జెయింట్ వీల్. మా వాడి దృష్టిలో ఢిల్లీ అంటే అప్పుడే మొదలైంది.

క్యాంప్ అంటే

చివరి రోజు ఎర్రకోట దాటి ఇంకా ఉత్తరానికి వెళ్దామన్నది నాన్నే. పర్యాటకులు పెద్దగా వెళ్లని కారొనేషన్ పార్క్ చూడాలని ఆయన కోరిక. మెట్రోలో వెళ్తుంటే విధానసభ స్టేషన్ వచ్చింది. ఢిల్లీ శాసనసభ నడిచే ఆ తెల్లటి భవనం 1912లో కట్టిన పాత సచివాలయం. కొత్త నగరం సిద్ధమయ్యేదాకా బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం నడిచింది ఇక్కడి నుంచే. నాలుగేళ్లలో అవుతుందనుకున్న న్యూఢిల్లీకి, మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడటంతో, దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 1931 ఫిబ్రవరిలో గానీ ప్రారంభం కాలేదు. వెలగపూడిలోని తాత్కాలిక సచివాలయాన్ని ఎగతాళి చేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది. ఢిల్లీ కూడా ఆ దశ దాటి వచ్చిందే.

గురు తేగ్ బహదూర్ నగర్ స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుతుంటే డ్రైవర్ నోట 'కింగ్స్‌వే క్యాంప్' అన్న మాట వినబడింది. ఆ చుట్టుపక్కల ప్రాంతానికి జనం వాడుకలో అదే పేరు. మా వాడు చటుక్కున తలెత్తాడు. "తాతా, ఇక్కడ కూడా క్యాంపా? మన బి క్యాంప్ మాదిరి?"

నాలుగు రోజులుగా నాన్న దాచుకున్న కథకు అప్పుడు వేళయింది.

కారొనేషన్ పార్క్‌లో ఒక రాతి స్తంభం ఉంది. 1911 డిసెంబర్ 12న ఐదో జార్జి దర్బారు తీరి, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నానని ప్రకటించింది అక్కడే. ఆ దర్బారులో సంస్థానాధీశులందరి కంటే ముందు చక్రవర్తికి వందనం చేసింది అప్పటికి కొత్తగా గద్దెనెక్కిన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. మైళ్ల పొడవున గుడారాలు వేశారు. ఆ గుడారాల పేరే నేటికీ మిగిలిన క్యాంప్. ఇండియా గేట్ దగ్గరి ఛత్రం నుంచి తొలగించిన ఐదో జార్జి విగ్రహం ఇప్పుడు ఈ పార్కులోనే ఉంది. రాజధానిని తెచ్చిన రాజు చివరికి ఊరి చివర, ప్రకటన చేసిన చోటికే చేరాడు. చుట్టూ పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు.

బెంచీ మీద కూర్చుని నాన్న మొదలుపెట్టారు.

ఆయన పుట్టింది మద్రాసులో. మా తాత అక్కడి సెక్రటేరియట్‌లో గుమాస్తా. 1952 డిసెంబర్‌లో పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం చేశాక ఆంధ్ర రాష్ట్రం ఖాయమైంది. మద్రాసు మాత్రం దక్కలేదు. రాజధాని కర్నూలు అన్నారు. తాత ఫైళ్లతో, సంసారంతో రైలెక్కారు. నాన్నకు అప్పుడు సరిగ్గా ఎనిమిదేళ్లు. 1953 అక్టోబర్ 1న జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి రాష్ట్రాన్ని ప్రారంభించిన రోజున తండ్రి భుజాల మీద కూర్చుని, జనం తలల మీదుగా ఆయన టోపీని చూశారట. ఆఫీసులు గుడారాల్లో. ఉద్యోగుల కాపురాలు గుడారాల్లో. తుంగభద్ర వైపు నుంచి గాలి లేస్తే తాళ్లు పట్టుకుని నిలబడాలి. ఎండాకాలం లోపల ఉండలేరు, బయట ఉండలేరు. "పెద్దవాళ్లకు నరకం. మాకు మాత్రం రోజూ తిరునాళ్లే" అన్నారు నాన్న. తర్వాత ఉద్యోగుల కోసం క్వార్టర్లు కట్టి వాటికి ఏ క్యాంప్, బి క్యాంప్, సి క్యాంప్ అని పేర్లు పెట్టారు. గుడారాలు పోయినా క్యాంప్ అన్న మాట అట్లాగే ఉండిపోయింది.

మూడేళ్లు గడిచాయి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాద్ వెళ్లిపోయింది. మళ్లీ సామాన్లు సర్దుకోమన్నారు. ఈసారి మా నాయనమ్మ కదలనంది. "రాజధాని వెంట ఎన్నిసార్లు తిరగాల? అది మీ సర్కారుకు. నాకు ఇల్లు కావాల" అందట. తాత అటూ ఇటూ చూసి కలెక్టరేట్‌లో చిన్న కుర్చీ అడిగి అక్కడే ఉండిపోయారు. ఆయనతో వచ్చినవాళ్లలో హైదరాబాద్ వెళ్లినవాళ్లు పై హోదాలకు ఎదిగారు. తాత గుమాస్తాగానే రిటైరయ్యారు. బి క్యాంప్ దగ్గర స్థలం కొని రెండు గదులు కట్టుకున్నారు. మూడో గది నాన్న కట్టారు.

"ఆయన తప్పు చేసినాడని నేను చాలా ఏళ్లు అనుకున్నా" అన్నారు నాన్న. "హైదరాబాద్ పోయింటే నా బతుకు వేరే మాదిరి ఉండేదని. 2014లో టీవీ ముందు కూర్చున్నప్పుడు మా అమ్మ మాట గుర్తొచ్చింది. ఆ రోజు హైదరాబాద్ పోయినవాళ్ల మనవళ్లకు మళ్లీ సామాన్లు సర్దుకోవాల్సిన రోజు వచ్చింది చూడు అనుకున్నా."

పిల్లాడు ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, "ఇక్కడి గుడారాల వాళ్లు ఏమైనారు?" అని అడిగాడు. దర్బారు గుడారాలు ఎత్తేశారు. కానీ 1947లో దేశ విభజన జరిగినప్పుడు పంజాబ్ నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన శరణార్థులకు ఢిల్లీలో అతిపెద్ద ఆశ్రయం ఈ కింగ్స్‌వే క్యాంపే. రాజు కోసం వేసిన క్యాంప్ పేరు ఇల్లు లేనివాళ్ల చిరునామా అయింది. వాళ్లు కొట్లు పెట్టుకున్నారు, ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించారు. నేటి ఢిల్లీని నిలబెట్టినవారిలో ఆ కుటుంబాలూ ఉన్నాయి. రాజధానిని ఒక ప్రకటనతో తేవచ్చు. ఊరు మాత్రం అక్కడ ఉండిపోయినవాళ్ల వల్లే అవుతుంది. కర్నూలు అయినా అంతే, ఢిల్లీ అయినా అంతే. రేపు అమరావతి అయినా అంతే.

సామాన్లు సర్దే వేళ

నాన్నతో నేను ఎత్తాల్సిన మాట మిగిలే ఉంది. రాత్రి సూట్‌కేసు సర్దుతుంటే ఆయనే ఎత్తారు.

"మీ అక్క నీకు చెప్పింది కదూ?"

అవునన్నాను.

"వాణ్ని అక్కడికి పంపాల్సిందే. ఎనిమిదేళ్లకు ఒక రాజధాని కళ్ల ముందు లేస్తుంటే చూడటం అందరికీ దొరకదు. నాకు దొరికింది. వానికీ దొరకనీ. ఇల్లు మాత్రం అమ్మొద్దు. ఈ ఊరికే దాదాపు ఇరవై ఏళ్లు పట్టిందని ఇయ్యాల చూసినాం గదా. అది కుదురుకునేదాకా ఇంటి దగ్గర ఒకరు ఉండాల."

నాలుగు రోజులుగా నేను కూడబెట్టుకున్న వాదనలేవీ నోట్లోంచి రాలేదు. ఆయన ఆరోగ్యం, మోకాళ్లు, రాత్రిపూట తోడు... అన్నీ నిజమైన చిక్కులే. వాటికి ఏదో దారి చూడాలి. ఎదురింట్లో ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడు ఉన్నాడు, పైన గది అద్దెకివ్వొచ్చు అని ఆయన అప్పటికే లెక్కలు వేసుకుని ఉన్నారు. నేను ఒప్పించడానికి వచ్చి, ఒప్పుకుని లేచాను.

మర్నాడు రైలు కదలడానికి ముందు మా వాడు నా ఫోన్ లాక్కుని వాళ్లమ్మకు చేశాడు. కోతుల సంగతి, రావణుడి సంగతి, 140 చక్రాల సంగతి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. చివర్న గొంతు తగ్గించి, "అమ్మా, మన బి క్యాంప్‌ను క్యాంప్ అని ఎందుకంటారో నీకు తెలుసా?" అని అడిగాడు. అవతల అక్క ఏం చెప్పిందో నాకు వినపడలేదు. "నీకు తెలియదులే. నేనొచ్చి చెబుతా" అని వాడు ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"అడిగావా? ఏమన్నారు?" అంది అక్క.

"నిన్న రాత్రి అయింది. ఇల్లు ఉంచుదాం" అన్నాను. కారణం చెప్పే లోపల రైలు కదిలింది. కిటికీలోంచి తాత, మనవడు ఇద్దరూ చెయ్యి ఊపుతున్నారు.